ఒడ్డు లేని ఊరు

రెండువేల ఏడులో వేట నిషేధం నలభై ఏడు రోజులు. అందులో పదకొండు రోజులు నేనూ మా కాంతమ్మా వెనిస్‌లో ఉన్నాం. ఈ మాటంటే టెక్కలి బజారులో ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. నవ్వనీ.

మాది భావనపాడు. ఏప్రిల్ సగం నుంచి మే ఆఖరుదాకా ఇంజను బోట్లు సముద్రంలోకి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో మగాళ్ళకి వలలు కుట్టుకోవడం, పేకాడుకోవడం తప్ప పనుండదు. నేనూ, కాంతం తమ్ముడు పైడిరాజూ ఒకే బోటు మీద పోయేవాళ్ళం. కాని నా అసలు పని తెప్ప కట్టడం. దుంగ పక్కన దుంగ పేర్చి కొబ్బరితాడుతో కడితే తెప్ప. మేకుండదు, రేకుండదు. ఇంజన్లొచ్చాక తెప్ప కట్టమని అడిగేవాడు లేడు. నాదొకటి ఇసక మీద పడుండేది. దాని కింద పీతలు కాపురం పెట్టుకున్నాయి.

మా వాడలో ఆడవాళ్ళు పడవెక్కరు. ఎందుకని అడిగినవాళ్ళూ లేరు. పడవ దించేటప్పుడు ఇంటి ఆడమనిషి వచ్చి దాని మొగానికి పసుపు రాయాలి, బొట్టు పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి. వెనక్కి తిరక్కుండా మూడడుగులు వెనక్కి వేసి, పడవ కెరటాలు దాటేదాకా ఒడ్డునే నిలబడాలి. కాంతం ముప్పై ఎనిమిదేళ్ళు అలాగే నిలబడింది. నిలబడి ఊరుకుంటే బాగుండును. పెళ్ళైన ఏడాదే అడిగింది.

"మావా, సంద్రం మీద నుంచి సూత్తే మనూరు ఎలగుంటాది?"

"సిన్నగా" అన్నాను.

ఆ తరవాత ఏడాదికొకసారైనా అడిగేది. నేనూ ఆ ముక్కే చెప్పేవాణ్ణి. నా దగ్గర ఇంకో జవాబు లేకపోలేదు. కాని నాకు మాట వలలో చిక్కుకున్న పీతలాంటిది. లాగబోతే ఒక కాలు వస్తుంది, తొమ్మిది అక్కడే ఉంటాయి.

"నీతో మాటాడ్డంకన్నా ఎండుసేపతో మాటాడ్డం మేలు" అనేది కాంతం. "అదైనా వాసనేత్తాది."

వెనిస్ ప్రయాణానికి రెండేళ్ళ ముందు క్లారా అని ఒకావిడ మా రేవుకొచ్చింది. ఆవిడది వెనిస్. పడవల మీద పుస్తకం రాసుకుంటోంది. విశాఖపట్నంలో నాలుగేళ్ళుండి తెలుగు నేర్చుకుంది. పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడుతుంది. నేను పాత తెప్ప విప్పి కడుతుంటే ఇరవై రోజులు ఇసకలో కూర్చుంది.

"గున్నయ్య గారూ, ఈ దుంగ కెరటమును ఏ విధముగా ఎదుర్కొనును?"

నేను తాడు బిగించుకుంటుంటే జవాబు కాంతం చెప్పేది.

"ఎదురుకోదమ్మా. కెరటం కిందకి దూరి పైకి లెగుత్తాది. మడిసి మోకాళ్ళొంచి నిలబడాల. బిర్రబిగిసి నిలబడ్డాడా, ఆడు పోనాడే!"

జన్మలో తెప్ప మీద కాలు పెట్టని మనిషి. చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు.

ఆ క్లారా మమ్మల్ని పిలిచింది. వాళ్ళ ఊళ్ళో పడవలకొక మ్యూజియం పెడుతున్నారట. అన్ని దేశాల పడవలూ తెచ్చారట. తెప్ప లేదట. దుంగలు మూడు నెలల ముందే ఓడలో వెళ్ళిపోయాయి. మూడు రోజులు కట్టే పని, మిగతా రోజులు ఊరు చూడ్డం. టిక్కెట్లు ఇద్దరికీ పంపింది.

"గున్నయ్య గారి చేతులు అవసరము" అంది ఫోనులో. "కాంతమ్మ గారు లేనిచో ఆ చేతులు ఏమి చేయుచున్నవో మాకు తెలియదు."

బయల్దేరే రోజు పైడిరాజు నౌపడ స్టేషన్‌దాకా వచ్చాడు. రైలు ఎక్కించి కిటికీ పట్టుకున్నాడు.

"అప్పా, ఆ ఊళ్ళో రోడ్లుండవంట. ఈదులన్నీ నీళ్ళేనంట. బావ నిన్ను ఎలగ తిప్పుతాడో నానూ సూత్తాను."

కాంతం నా మొహంలోకి చూసింది. నేను రైలు పట్టాలు చూశాను.

వెనిస్‌లో బస్సు మమ్మల్ని ఊరి మొదట్లో దించేసింది. అక్కణ్ణుంచి చక్రం తిరగదు. ఎదురుగా పెద్ద కాలవ. మన పలాస కాంప్లెక్సులోకి బస్సులొచ్చినట్టు బోట్లొచ్చి ఆగుతున్నాయి. ముసలమ్మలు కూరల సంచుల్తో ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒకామె కుక్కపిల్లని చంకన పెట్టుకొని ఎక్కింది. కాంతం ఆ కుక్కపిల్లని చూసింది. తరవాత నన్ను చూసింది.

"కుక్క కూడా ఎక్కినాది మావా."

నేను సంచీ భుజానికెత్తాను. "నడుద్దాం."

క్లారా కంగారుపడింది. "నడిచినచో ఒక గంట పట్టును!"

"పట్టనీయమ్మా" అంది కాంతం. "ఈయన మాటాడినాడు. అది సాలు ఈ పూటకి."

ఆ పూటే కాదు, ఆరు రోజులు నడిచాం. ఆ ఊళ్ళో నాలుగొందల వంతెనలున్నాయట. మూడొందలైనా మేం ఎక్కి దిగి ఉంటాం. కాంతం మూతి ముడవలేదు. ఒక్కసారీ పడవ మాట ఎత్తలేదు. కాని ప్రతి వంతెన నడిమధ్యా ఆగిపోయేది. కిందనుంచి నల్లటి పొడుగాటి పడవలు పోతుంటాయి. మొగుడూ పెళ్ళాం ఎర్ర దిళ్ళకి చేరబడి కూర్చుంటారు. వెనకాల పడవవాడు నిలబడి ఒకటే తెడ్డు వేస్తుంటాడు.

"ఒక పక్కనే తెడ్డేత్తన్నాడు. గుండ్రంగా తిరిగిపోవాల కదా. తిన్నగా పోతంది. ఎలగ మావా?"

"పడవ వంకర" అన్నాను. నిజమే, ఒక పక్క పొట్ట ఎక్కువ పెట్టి కట్టారు. మొదటి రోజే చూశాను.

"పడవ వంకరైతే తిన్నగా పోతాదన్నమాట" అంది. "మనిసి వంకరైతే నడిసిపోతాడు."

అయినా ఆ ఊరు చూసి ఆవిడ పొందిన సంతోషం నేను రాయలేను. బంగారు గుడి అని ఉంది, లోపల కప్పంతా బంగారమే. కాంతం మెడ నొప్పెట్టేదాకా చూసింది. "ఇంత బంగారం నెత్తినెట్టుకొని కాళ్ళు నీళ్ళల్లో ఎట్టుకున్నారు సూడు!" అంది. ఆ గుడిలో నేల కుంగి కెరటాల్లాగ ఎత్తుపల్లాలై ఉంది. ఆ ఊళ్ళో నా కాళ్ళు కుదురుగా నిలబడ్డది అక్కడే. బయట మైదానంలో పావురాలు. ఒకటి వచ్చి కాంతం కొప్పు మీద కూర్చుంది. ఫొటోలు తీసే దొరలు చుట్టూ మూగారు. కదిలితే ఎగిరిపోతుందని కాంతం శిలలాగ నిలబడి, పెదాలు కదపకుండా, "మావా, ఇది ఎల్లినాదా?" అని అడిగింది. "లేదు" అన్నాను. "ఎల్లాక సెప్పు." అది అప్పటికే ఎగిరిపోయింది. ఇంకాసేపు అలాగే ఉంచాను. తెలిశాక నా వీపు మీద ఒక్కటిచ్చింది.

నాలుగో రోజు చేపల బజారుకి వెళ్ళాం. రాతి స్తంభాల కింద, మంచు పరిచిన బల్లల మీద చేపలు పేర్చారు. కాంతం ముప్పై ఏళ్ళు టెక్కలి సంతకి తట్ట మోసిన మనిషి. తిన్నగా కవళ్ళ చేపలు పెట్టినవాడి దగ్గరకి పోయి ఒకదాన్నెత్తి చెంప విప్పి లోపలి ఎరుపు చూసింది. వాడు వాళ్ళ భాషలో కేకలు పెట్టాడు. ముట్టుకోకూడదట.

"ఏలరా అరుత్తావు? ఇది నిన్నటిది. సెంప సూడు, ఎలిసిపోనాది. నిన్నటి కవళ్ళు ఇయ్యాల్టివని అమ్ముతూ నామీద అరుపులేటి?"

వాడు చేతులూపుతున్నాడు, ఈవిడ చేతులూపుతోంది. పక్క బల్ల దగ్గరున్న ముసలాయన వచ్చి ఆ చేప చెంప తనూ విప్పి చూశాడు. చూసి పెద్దగా నవ్వాడు. బజారంతా నవ్వింది. కేకలు పెట్టినవాడు ఎర్రబడి, బల్ల కింద నుంచి ఇంకో పెట్టె తీసి కాంతం ముందు పెట్టాడు. ఆవిడ ఒకదాన్ని చూసి, "ఆఁ, ఇది సేపంటే" అంది. వాడికి తెలుగు అర్థమైపోయింది.

ఆ ఊపులో తిరిగొస్తూ దారి తప్పాం. భుజాలు రెండు పక్కలా గోడలకి రాసుకునే సందులు. ఒక సందు పోయి నీళ్ళలో ఆగిపోతుంది, ఇంకో సందు పోయి మొదటి సందులోనే పడుతుంది.

"ఈ నుయ్యి మూడోసారి సూత్తన్నాం మావా" అంది కాంతం. "అడుగుదామంటే నీకు మాట రాదు, నాకు ఈళ్ళ మాట రాదు. ఇంక ఇక్కడే కాపురం."

నేను దగ్గర్లో ఉన్న వంతెన ఎక్కాను. కాలవకి అడ్డంగా, కిటికీ నుంచి కిటికీకి దండేలు కట్టి బట్టలారేశారు. అక్కడ ఎటు చూసినా అదే. అన్నీ తెల్ల దుప్పట్లు, తెల్ల చొక్కాలు. దూరంగా రెండు కాలవల అవతల ఎర్రటిదొకటి ఎగిరింది. పసుపు అంచు.

"అటు" అన్నాను.

"ఎలగ తెలిసినాది?"

నడిచాను. నాలుగు మలుపులు తిరిగాక కాంతం తలెత్తి చూసి చప్పట్లు కొట్టింది. మా బస కిటికీలో పొద్దున్న ఆవిడ ఆరేసిన కోక. "ఓలమ్మో, నా కోకే! ఆరేసినాను కాబట్టి సరిపోనాది. దేవుడే నా సేత ఆరేయించినాడు మావా!"

ఆ పేరు దేవుడికే వదిలేశాను.

ఏడో రోజు పని మొదలుపెట్టాను. మ్యూజియం అంటే పాత పడవల షెడ్డు. ముందు తలుపు తీస్తే రాతి మెట్లు, మెట్ల కింద కాలవ. మూడు రోజుల్లో తెప్ప లేచింది. హాలు మధ్య దానికి చెక్క పీట చేసి ఉంచారు. పీట మీదకి ఎత్తబోతుంటే అడ్డంపడ్డాను.

"తడపాల."

"తడిసినచో పాడగును కదా?" అంది క్లారా.

"తడవకపోతే పాడైపోతాది."

క్లారా కాంతం వైపు తిరిగింది. కాంతం కొంగు దోపుకుంది. "కొబ్బరితాడు ఉప్పునీరు తాగితేనే బిగుస్తాదమ్మా. ఊరికే తడిపితే సాలదు. మీద ఇద్దరు మడుసుల బరువు పడాల. అప్పుడు దుంగ, దుంగని ఒరుసుకొని కూకుంటాది. లేకపోతే ఏడాది తిరక్కుండా మీ హాల్లో సాపలాగ ఊడిపోతాది."

తెప్ప నీళ్ళలోకి దించాం. ఆ ఊరి పడవవాడొకడు, పెద్ద మీసాలవాడు, నేనెక్కుతానని దూకాడు. దుంగల సందుల్లోంచి నీళ్ళు పైకొచ్చి వాడి బూట్లు తడిశాయి. వాడు ఒక్క అరుపు అరిచి మెట్ల మీదకి గెంతాడు.

"చిల్లు పడినది, మునిగిపోవుచున్నది అనుచున్నాడు" అంది క్లారా.

కాంతం కడుపు పట్టుకొని నవ్వింది. "రావాల నాయనా, నీరు రావాల! వచ్చిన తోవనే పోతాది. ములగడానికి ఇదేమైనా గిన్నేటి?"

మీసాలవాడు మళ్ళీ రానన్నాడు. కాంతం మూట విప్పింది. పసుపు, కుంకం, ఉద్దానం కొబ్బరికాయ ఒకటి ఇంటి దగ్గర్నుంచి కోకలో చుట్టి తెచ్చింది. తెప్ప మొగానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. రాతి మెట్టుకి కాయ కొట్టింది. వెనక్కి తిరక్కుండా ఒక మెట్టెక్కింది. ఇంకో మెట్టెక్కింది. మూడో అడుగుకి వీపు తలుపు పక్క గోడకి తగిలింది. కాలు అటూ ఇటూ కదిపి చోటు వెతుక్కుంది. లేదు. నిలబడ్డ మెట్టు మీదకే నీళ్ళొచ్చి ఆవిడ పాదాలు తడిపి పోతున్నాయి.

ఒడ్డున నిలబడమన్నారు మావాళ్ళు. ఆ ఊళ్ళో ఒడ్డేది? ఇళ్ళు నీళ్ళలోనే, గుళ్ళు నీళ్ళలోనే, గుమ్మాలూ నీళ్ళలోనే.

"ఎక్కు" అన్నాను.

"ఏటీ?"

"ఎక్కు."

కాంతం చుట్టూ చూసింది. ఎవరైనా మనవాళ్ళు చూస్తున్నారా అన్నట్టు. తరవాత కోక మోకాళ్ళదాకా ఎగదోసి, చెప్పులు మెట్టు మీద విడిచి, తెప్ప మీద కాలు పెట్టింది. పట్టుకోమని చెయ్యి చాపాను. పట్టుకోలేదు. మోకాళ్ళొంచి నిలబడింది, క్లారాకి చెప్పినట్టే. ఆవిడ బరువు పడగానే కట్టు కిర్రుమంది. ఒక్క తాడు కూడా జారలేదు.

ఆ కాలవలో ఆ చివరిదాకా పోయి వచ్చాం. కాంతం నోరు ఒక్క క్షణం మూతపడలేదు. వంతెన మీదున్నవాళ్ళకి చెయ్యూపింది, కిటికీలో పూలకుండీలకి నీళ్ళు పోస్తున్న ముసలామెని "ఏటమ్మా, వంటైనాదా?" అని పలకరించింది. నల్ల పడవలో పోతున్న జంట ఒకటి మమ్మల్ని చూసి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "కూకోండి, పడిపోతారు!" అని వాళ్ళని కసిరింది. మర్నాడు, ఆ మర్నాడు ఆ ఊళ్ళో ఉన్న బోట్లన్నీ ఎక్కింది. ముందు బల్ల తప్ప ఎక్కడా కూర్చోలేదు.

ఇంటికొచ్చాక మా గుమ్మం జనంతో తీర్థమైపోయింది. పక్కింటి జోగమ్మ, వాడలో అందరికన్నా పెద్దది సన్యాసమ్మ, పూండి నుంచి చుట్టాలు. సాయంత్రం ఎండ దిగగానే వచ్చి కూర్చునేవారు. కాంతం అన్నీ చెప్పేది. పావురం, కవళ్ళు, కుక్కపిల్ల. క్లారాలాగ మాట్లాడి చూపించేది. నేను అరుగు చివర వల కుట్టుకుంటూ వినేవాణ్ణి. రోజూ తెప్ప కట్టడందాకా వచ్చేది. పసుపు రాసేది, కాయ కొట్టేది. "అప్పుడు తీసికెల్లి హాల్లో ఎట్టీసినారు" అని కథ ముగించేది.

ఒకరోజు పైడిరాజు వదల్లేదు. "నీళ్ళలో దించినారన్నావు కదా అప్పా. బావతో రెండో మడిసి ఎవులు?"

"ఆ ఊరోడే. మీసాలోడు."

నా చేతిలో సూది ఆగిపోయింది.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ నోట అబద్ధం వినలేదు. ఎండుచేప పాతదైతే పాతదనే చెప్పి అమ్మే మనిషి. తను దేనికోసం ఇన్నేళ్ళు అడిగిందో అది దొరికింది. దొరికిందని ఊరంతా చాటుకోవాల్సింది. ఆడమనిషిని ఎక్కించానని ఊళ్ళో నా మాట పోతుందని నోరు కట్టేసుకుంది. నావైపు చూడను కూడా చూడలేదు.

మర్నాటి నుంచి నా పాత తెప్ప విప్పడం మొదలుపెట్టాను. పీతల్ని ఖాళీ చేయించాను. దుంగలు కడిగి ఎండబెట్టి, కొత్త తాడు పేనాను.

"ఏటి బావా, లోకమంతా ఇంజన్ల మీద పోతంటే నువ్వు ఫారిన్ ఎల్లొచ్చి తెప్ప కడతన్నావు?" అన్నాడు పైడిరాజు.

నేను ముడి బిగించుకున్నాను.

జూన్ ఒకటి, పొద్దున్నే. నిషేధం అయిపోయింది. రేవంతా పసుపే. బోటు బోటుకీ ఆడవాళ్ళు బొట్లు పెడుతున్నారు. ఊరంతా ఒడ్డునే ఉంది. కాంతం పళ్ళెం పట్టుకొని నా తెప్ప దగ్గరకొచ్చింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కాయ కొట్టింది. ఒకటి, రెండు, మూడడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఇక్కడ గోడ లేదు. కావలసినంత ఒడ్డుంది.

"ఎక్కు" అన్నాను.

కాంతం మొహం పాలిపోయింది. తల అడ్డంగా ఊపింది, ఎవరికీ కనబడకుండా. పక్క బోటు తోస్తున్న పైడిరాజు చేతులు వదిలేసి వచ్చాడు.

"బావా, తాగినావేటి? ఆడమడిసి..."

"అక్కడ ఎక్కినాది" అన్నాను. "మీసాలోడు కాదు, మీ అప్పే. నానే ఎక్కించినాను. తెప్ప ములగలేదు. కట్టు జారలేదు. ఆ ఊళ్ళో సేపలు సావలేదు. నాకన్నా బాగా నిలబడ్డాది. మనూరు సంద్రంలోంచి ఎలగుంటాదో సూడాలని పెళ్ళైన కాణ్ణుంచి అడుగుతంది. ఇయ్యాల సూత్తాది."

అందరూ సన్యాసమ్మ వైపు తిరిగారు. ఆవిడ కాదంటే కాదు. ఆవిడ కర్ర ఇసకలో గుచ్చి నా దగ్గరకొచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"ఓరి గున్నయ్యా, నీకు మాటలొచ్చునేటిరా?"

ఎవరో కిసుక్కుమన్నారు. జోగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తరవాత ఆపడం ఎవరివల్లా కాలేదు.

"బేగెక్కవే కాంతం" అంది సన్యాసమ్మ. "ఈడు మళ్ళీ నోరిప్పే సరికి నానుండను. వచ్చాక నన్నూ ఓసారి ఎక్కించమను. ఏం, కుక్కలెక్కగా లేంది!"

పైడిరాజే తెప్ప తోశాడు. మూడు కెరటాలు దాటించాను. మూడోదానికి ఇద్దరం తలదాకా తడిశాం. అవతల నీళ్ళు నున్నగా ఉన్నాయి. కాంతం ఒడ్డువైపు తిరిగి నిలబడింది. ఆ కాలవలో క్షణం ఊరుకోని మనిషి, ఇక్కడ ఒక్క మాట లేదు. సరుగుడు తోట, కొబ్బరిచెట్ల వరస, ఎండుచేపల కళ్ళం, చీమల్లాగ జనం. చాలాసేపు చూసింది.

"నిజమే మావా. సిన్నగానే ఉంది."

"ఊఁ."

"మనిల్లేదీ?"

తెడ్డెత్తి చూపించాను. "ఆ ఎర్రది."

"ఎర్రదేటి..." కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుమ్మం ముందు వెదురుగెడ మీద, తెల్లారి తను ఉతికి ఆరేసిన కోక. అంతదూరం నుంచి గోరంత. "నా కోకేనేటి?"

"ఔ. మిగతా ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి."

"అయితే ఆ ఊళ్ళో తోవ తప్పినప్పుడు, అది దేవుడు కాదన్నమాట."

తెడ్డు నీళ్ళలో దించాను.

"నీలందీ, పచ్చదీ, సిలకాకు రంగుదీ... నానేది ఆరేత్తే అదే సూసుకొని వచ్చీవోడివా? ఇన్నేళ్ళూ?"

"ఔ."

కాంతం తెప్ప మీద కూర్చుంది. దుంగల సందుల్లోంచి నీళ్ళొచ్చి ఆవిడ ఒళ్ళో కోక తడిపి, వచ్చిన దారినే పోయాయి. కొంగుతో మొహం తుడుచుకుంది. ఉప్పునీళ్ళే అనుకున్నాను.

"మావా, ఇంకొంచెం లోపలికి పోనీ. ఆ ఎర్రది ఎంత దూరందాకా అగుపడతాదో సూత్తాను."

పోనిచ్చాను.